కత్తెరమ్మ కనిపెట్టిన తుంగ

కత్తెరమ్మ అన్న పేరు ఆవిడకి బట్టలు కుట్టినందుకు రాలేదు. సూదిలో దారం ఎక్కించడం కూడా ఆవిడకి చేతకాదు. గుండీ ఊడితే కింది వాటాలో ఉండే వదినే కుట్టి పైకి పంపేది. ఆవిడ కత్తిరించింది మొక్కల పేర్లని.

ఉద్యోగం హెర్బేరియంలో. మొక్కల్ని నొక్కి, ఎండబెట్టి, దళసరి కాగితాలకి అతికించి, ఇనప బీరువాల్లో వరసగా పేర్చి దాచే చోటు అది. గచ్చు నేల, మధ్యాహ్నం పూట కూడా లైటు వేసుకోవలసిన గదులు, అన్నిటినీ మించి కలరా ఉండల వాసన. ఆ వాసన ఆవిడ బట్టలకీ జుట్టుకీ పట్టేసింది. బస్సులో పక్కసీటువాళ్ళు ముందు తమ సంచులు వాసన చూసుకుని, తర్వాత ఆవిడ వంక అనుమానంగా చూసేవాళ్ళు. ఆ బీరువాల్లోని తుంగలన్నీ ఆవిడ పాలనలో ఉండేవి. తుంగ చూడ్డానికి గడ్డిలా ఉంటుంది గాని గడ్డి కాదు. కాడని రెండు వేళ్ళ మధ్య దొర్లిస్తే మూడంచులు తగుల్తాయి. ఈ సంగతి ఆవిడ అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ జీవితమంతా చెప్పింది. బంధువులు మాత్రం "నీ గడ్డి ఎలా ఉందే?" అనే పలకరించేవాళ్ళు.

ఒక తుంగకీ ఇంకో తుంగకీ తేడా వెంట్రుకవాసి. అంచేత పెద్ద పెద్ద ప్రొఫెసర్లంతా కొండకొకటి చొప్పున కొత్త జాతుల్ని కనిపెట్టేసి, వాటి వెనకాల తమ పేర్లు తగిలించుకున్నారు. కత్తెరమ్మ వాటిని ఒక్కొక్కటే బయటికి తీసి, మైక్రోస్కోపు కింద పెట్టి, "ఇదీ అదీ ఒకటే" అని తేల్చి, ఆ పేరు రద్దు చేసేది. "అన్నన్ని జాతులు చెయ్యడానికి ప్రకృతికి తీరిక లేదండీ, మనుషులకే ఉంది" అనేది. పోయినవాళ్ళ జాతులకి కూడా మినహాయింపు లేదు. ఒకాయన తన పదవీ విరమణ సన్మానంలో మాట్లాడుతూ, "నా జాతులు ఇవాళ్టికైతే బతికే ఉన్నాయి. రేపు ఆవిడ సెలవు నించి వచ్చేస్తున్నారు" అన్నాడట.

ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. అన్నయ్య ఇంటి పై వాటాలో ఉండేది. అన్నయ్య పళ్ళసెట్లు చేసేవాడు. ఇంటి వెనక గదిలో బల్లనిండా మైనం, గులాబీరంగు పొడి, ఎవరెవరివో ప్లాస్టర్ దవడలు. వదిన కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేది. అసలు ఆడపడుచుకి తుంగల పిచ్చి అంటించింది వదినే. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో, ఇంకా డిగ్రీ చదువుతున్న ఆడపడుచు చేతికి భూతద్దం ఇచ్చి, "ఇందులోంచి చూడు" అంది. ఆ చూడ్డం చూడ్డం ఆడపడుచు మళ్ళీ తలెత్తలేదు.

వదిన జీవితంలో ఒకే ఒక్క కొత్త జాతిని కనిపెట్టింది. పెళ్ళైన ఏడాది భర్తని వెంటేసుకుని ఎత్తు కొండల మీదికి వెళ్ళింది. చెట్లు ఆగిపోయాక ఇంకా పైకి. పగలు ఎండ ముక్కు మీది తోలు ఊడగొడుతుంది, తెల్లారేసరికి గ్లాసులో నీళ్ళు గడ్డకట్టి ఉంటాయి, అలాంటి చోటికి. కనుమ దగ్గర ఆయనకి ఊపిరాడక కళ్ళు తిరిగి, ఒక దుబ్బు మీద కూలబడ్డాడు.

"ఏమండీ, ఒక్కసారి లేవండి" అంది వదిన ఆదుర్దాగా.

ఆ ఆదుర్దా తన కోసమే అనుకుని ఆయన కళ్ళనిండా నీళ్ళు పెట్టుకున్నాడు. ఆవిడ చూపు ఆయన కింద నలిగిన తుంగ మీద ఉంది. కిందికి వచ్చాక ఆ తుంగకి భర్త పేరే లాటిన్ తోక తగిలించి పెట్టి, కాలేజీ పత్రికలో ప్రకటించింది. అన్నయ్య ఉబ్బితబ్బిబ్బయ్యాడు. పళ్ళ కొలతలకి వచ్చినవాళ్ళందరికీ ఈ కథ చెప్పేవాడు. నోట్లో కొలత మైనం పెట్టుకున్నవాళ్ళు మధ్యలో అడ్డుపడలేరు గదా.

కొన్నేళ్ళకి కత్తెరమ్మ తుంగల మీద తన పెద్ద పుస్తకం రాస్తూ రాస్తూ ఆ జాతి దగ్గరికి వచ్చింది. వదిన హెర్బేరియానికి ఇచ్చిన షీటు మీద ఉన్నది నలిగిన నమూనా. కంకులకి ఒక్క గింజ లేదు. తుంగని పోల్చేది గింజని బట్టి. వదిన వర్ణనలోనేమో ఆకు అంచు గురించీ రంగు గురించీ తప్ప గింజ మాటే లేదు. అప్పట్లో వాళ్ళ కాలేజీ మైక్రోస్కోపు మరమ్మతులో ఉంది. కొండల కింద కాలవగట్ల మీద ఎక్కడ పడితే అక్కడ మొలిచే మామూలు తుంగే పైన చలికి కురచబారిందని కత్తెరమ్మ నిర్ణయించి, ఒక్క వాక్యంలో దాన్ని రద్దు చేసింది.

పుస్తకం అచ్చయి వచ్చిన రోజు అన్నయ్య ఆ పేజీ వెతికి పట్టుకున్నాడు.

"అయితే నేను లేనా?"

"నువ్వున్నావన్నయ్యా. నీ మొక్కే లేదు."

"సొంత అన్ననని కూడా చూడలేదుటే!"

"అలా చూస్తే అది సైన్సెలా అవుతుంది?"

వదిన గిన్నెలు సర్దుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ మర్నాటి నుంచి ఆ ఇంట్లో మొక్కల ప్రసక్తి ఆగిపోయింది. వదినా ఆడపడుచూ కలిసి బజారుకెళ్ళేవాళ్ళు, ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు కాఫీ కలిపి తెచ్చేవాళ్ళు. మాటలు కూరగాయల ధరల దాకా వచ్చేవి గాని వాటి కుటుంబాల దాకా వచ్చేవి కావు.

అలాగే ఏళ్ళు గడిచిపోయాయి. ఇంకో రెండేళ్ళలో రిటైరవుతుందనగా హెర్బేరియం వాళ్ళు ఆ ఎత్తు కొండలకి సర్వే బృందాన్ని పంపారు. తుంగలు గుర్తుపట్టేవాళ్ళు ఇంకెవరూ లేక కత్తెరమ్మని కూడా పంపారు. ఇన్నేళ్ళూ ఆవిడ కొండల తుంగలన్నిటినీ బీరువాల్లోంచే పాలించింది. కనుమ దగ్గర ఊటనేలలో మోకాళ్ళ దాకా దిగబడి, రొప్పుతూ నిలబడ్డప్పుడు, కళ్ళెదుట ఒక తుంగ కనిపించింది. పొట్టిగా, ఎర్రమట్టి రంగు కంకులతో ఉంది. గింజలు పండి ఉన్నాయి. ప్రతి గింజకీ చుట్టూ బుడ్డిలాంటి చిన్న సంచి ఉంది. ఆ సంచి మూతి, అలిగినవాళ్ళు మొహం తిప్పుకున్నట్టు, ఒక పక్కకి వంగి ఉంది.

ఇలాంటిది ఆవిడ ఎప్పుడూ చూడలేదు. ఇంకొకరైతే గంతులేసేవాళ్ళు. ఆవిడకి చిరాకేసింది.

తిరిగొచ్చాక ఏడాది పైగా ఆ మొక్కని ఎందులోనో ఒకదాంట్లో కలిపెయ్యాలని చూసింది. పొరుగుదేశాల హెర్బేరియంల నుంచి షీట్లు తెప్పించింది. తెలిసిన ప్రతి జాతితోనూ పోల్చింది. ఎక్కడా మూతి వంకర కలవలేదు. రద్దయిన పేర్లతో మాత్రం పోల్చలేదు. అవి లేవు గదా, లేకుండా చేసింది తనే కదా. చివరికి ఓడిపోయినదాని మొహం పెట్టుకుని డైరెక్టరు గదిలోకి వెళ్ళి, "కొత్త జాతిలా ఉందండీ" అంది.

డైరెక్టరు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆయన మొక్కల మనిషి కాదు, సభల మనిషి. కొత్త భవనం ప్రారంభోత్సవానికి ధర్మకర్తల మండలి అధ్యక్షుడు వస్తున్నాడు, ఆయనకి ఏం బహుమతి ఇవ్వాలో తెలీక ఈయన సతమతమవుతున్నాడు.

"బంగారంలాంటి వార్తండీ! అధ్యక్షులవారి పేరు పెట్టేద్దాం."

"పెట్టచ్చు సార్. కాకపోతే దీని ముఖ్య లక్షణం మూతి వంకర. వారి పేరు పెడితే చదివినవాళ్ళు పోలిక వెతుక్కుంటారేమో."

డైరెక్టరు గారు అధ్యక్షుడి మొహం గుర్తు తెచ్చుకున్నట్టున్నాడు. "మీ ఇష్టం వచ్చిన పేరే పెట్టండి" అన్నాడు. ఆవిడ లాటిన్‌లో 'వంకరమూతిది' అని అర్థం వచ్చే పేరు పెట్టింది. ఆహ్వానపత్రాలు అచ్చుకి వెళ్ళాయి. 'మన సంస్థ కనిపెట్టిన సరికొత్త జాతి' అని గోడంత బ్యానరు కూడా తయారైంది.

వ్యాసం రాయడానికి కూర్చున్నాక ఆవిడకి ఇంకో కష్టం వచ్చిపడింది. ఇన్నేళ్ళూ 'కాదు' అని రాసిన చెయ్యి 'అవును' అని రాయడానికి మొరాయించింది. కానీ కాడ గురించీ ఆకు గురించీ రాసి, గింజ సంచి దగ్గరికి వచ్చేసరికి ఆవిడ మొహంలో ఏదో వెలుగొచ్చింది. ఆ మూతి వంపు గురించి రాసిన పేరా రెండోసారి చదువుకుంది, మూడోసారీ చదువుకుంది. బయటికి చెప్పుకోలేదు గాని, తన పేరు ఒక మొక్క పేరు వెనకాల ఎలా ఉంటుందో చిత్తుకాగితం మీద రాసి చూసుకుంది. వెంటనే చించేసింది.

వ్యాసం ఎక్కడో ఉన్న పత్రిక ఎడిటరుకి చేరింది. వ్యాసం సరిగ్గా ఉందో లేదో ఇంకో నిపుణుడికి చూపించి తేల్చుకోవడం ఆయన బాధ్యత. ఆ కొండల తుంగలు తెలిసినవాళ్ళు ప్రపంచం మొత్తం మీద ఇద్దరే కనిపించారు. ఒకరు వ్యాసం రాసినావిడ, రెండోవారు ఏదో కాలేజీ లెక్చరరు. హెర్బేరియం చిరునామా వేరు, కాలేజీ చిరునామా వేరు. ఇద్దరికీ వీధిగుమ్మం ఒకటేనని ఆయనకెలా తెలుస్తుంది? వ్యాసం రాసిందెవరో చెప్పకుండా, పేరు కొట్టేసి, పరమ రహస్యంగా వదినకి పంపించాడు.

ఆదివారం పొద్దున్న వదిన కాగితాలు పట్టుకుని మెట్లెక్కి పైకి వచ్చింది.

"ఇది రాసిందెవరో నాకు తెలియకూడదు. చూస్తున్నది నేనని నీకు తెలియకూడదు. అదీ నియమం" అంది గుమ్మంలో నిలబడి.

కత్తెరమ్మ కాగితాల వంక చూసి, "మరి తెలిసిపోయిందిగా వదినా" అంది.

"పేరు కొట్టేస్తే మాత్రం? పేజీకి ఇన్ని 'కాదు'లు రాసేది ఇంకెవరు?" వదిన కుర్చీ లాక్కుని కూర్చుంది. "మొక్క బాగుంది. వర్ణన ఇంకా బాగుంది. మూతి గురించి రాసిన ముక్క రెండుసార్లు చదివాను. ఒక్కటే సందేహం. మీ అన్నయ్య మొక్కతో పోల్చావా?"

"అది రద్దయింది కదా."

"ఎవరు రద్దు చేశారు?"

కత్తెరమ్మ బల్ల మీది కాగితాలు సర్దడం మొదలుపెట్టింది.

"అదే కనుమ. అదే ఊటనేల. అదే ఎర్రమట్టి రంగు. ఆ షీటు మీద కుడిపక్క కింద చిన్న కాగితం పొట్లం అతికించి ఉంటుంది. విప్పి చూశావా?"

"గింజలు లేవు వదినా దానికి."

"కంకికి లేవు. మీ అన్నయ్యంత మనిషి మీద కూర్చుంటే రాలిపోక ఏం చేస్తాయి? మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కటే ఏరి పొట్లంలో వేశాను. ఆ పొట్లం మడిచింది నేనే. విప్పావా లేదా?"

"గుర్తు లేదు" అంది కత్తెరమ్మ. ఆవిడకి గుర్తుంది.

సోమవారం ఇద్దరూ ఒకే బస్సులో హెర్బేరియానికి వెళ్ళారు. పేరు రద్దయినా మూల నమూనాని ఎవరూ పారెయ్యరు. అది బీరువా అడుగు అరలో ఎర్ర అట్టలో భద్రంగా ఉంది. కుడిపక్క కింద పొట్లం ఉంది. దాని మడతలు కొత్త కాగితం మడతల్లా పదునుగా ఉన్నాయి. వదిన వేసిన జిగురుబొట్టు కూడా ఊడలేదు. ఒక్క వేలు తగిలి ఉన్నా ఊడేది.

కత్తెరమ్మ బ్లేడుతో జిగురు విప్పి, పొట్లం నల్ల కాగితం మీద బోర్లించింది. నువ్వుగింజల్లాంటివి నాలుగైదు దొర్లాయి. వాటిని మైక్రోస్కోపు కింద పెట్టి, కన్ను ఆనించి, చాలాసేపు అలాగే ఉండిపోయింది.

"ఏం కనిపిస్తోంది?" అంది వదిన. తను చూడ్డానికి ముందుకి రాలేదు.

"మూతి వంకర."

"ఎటు?"

"పక్కకి."

వదిన తలూపి, సంచిలోంచి మంచినీళ్ళ సీసా తీసి తాగింది. ఎప్పుడో తెలిసిన సంగతి ఇంకొకరి నోట విన్నట్టుంది ఆవిడ వాలకం.

"ఇన్నేళ్ళూ ఒక్కసారైనా అడగలేదేం వదినా? పొట్లం ఉందని ఒక్క మాట చెప్తే అయిపోయేది కదా."

"నువ్వు చూసే కొట్టేశావనుకున్నాను. చూశాక కూడా ఒకటే అన్నావంటే ఒకటేనేమో అనుకున్నాను. నువ్వు చూడకుండా కొట్టేస్తావని నాకెందుకు తోస్తుందే?"

వదిన తిట్టి ఉంటే కత్తెరమ్మ వాదించేది, వాదనలో ఆవిడ గట్టిదే. నడవా చివర చేతులు కడుక్కునే చోటికి వెళ్ళి, మొహం కడుక్కుని, మళ్ళీ కడుక్కుని, తడి మొహంతోనే డైరెక్టరు గదిలోకి నడిచింది. నియమం ఆవిడకి కొట్టినపిండి. ఒకే మొక్కకి రెండు పేర్లుంటే ముందు పెట్టినదే నిలుస్తుంది. అన్నయ్య పేరు నిలిచింది, వంకరమూతి పోయింది.

డైరెక్టరు గారు విన్నాక ముందు తలుపు వేశాడు.

"ఎవరెవరికి తెలుసు?"

"నాకూ మా వదినకీ."

"ఇంట్లో మనిషే కదండీ. ఇంట్లో మాట ఇంట్లోనే... ప్రారంభోత్సవం అయ్యేదాకా..."

"ఇంతమంది జాతులు కొట్టేశాను సార్. నాది ఒక్కటి వదిలేస్తే, అవన్నీ కక్షకొద్దీ కొట్టానని అర్థం."

వ్యాసాన్ని వెనక్కి తెప్పించుకుంది. దాని బదులు రెండు పేజీల వ్యాసం రాసింది: ఫలానా జాతి ఉంది, దాన్ని ఈ వ్యాసకర్త గతంలో గింజలు పరీక్షించకుండా రద్దు చేసింది, అది పొరపాటు. వదిన పేరు కూడా వేస్తానంటే వదిన ఒప్పుకోలేదు. "నా మొక్క ఉందని నేనే సాక్ష్యం చెప్పాలా?" అంది. ఆ విధంగా కత్తెరమ్మ జీవితంలో కనిపెట్టిన ఏకైక జాతి అచ్చుకాక ముందే ఆవిడ చేతుల్లోనే పోయింది.

డైరెక్టరు గారు మాత్రం కింద పడ్డా చెయ్యి పైనే ఉంచే మనిషి. బ్యానరు మీద 'సరికొత్త' అన్నచోట 'మళ్ళీ దొరికిన' అని కాగితం అతికించాడు. పాతదాని కన్నా అదే ఎక్కువ పనిచేసింది. వార్త పొక్కడంతో ఎన్నడూ సభలకి రాని ముసలి ప్రొఫెసర్లు ఊళ్ళ నుంచి రైళ్ళెక్కి వచ్చారు. కత్తెరమ్మ తన తప్పు తనే చెప్పుకుంటుంటే ముందు వరసలో కూర్చుని, కళ్ళద్దాలు తుడుచుకుని మరీ విన్నారు. అయ్యాక ఒక్కొక్కరే దగ్గరికొచ్చి, "బాగా చెప్పారమ్మా. అలాగే నాది కూడా ఒకసారి చూడండి" అని చెవిలో వేసి వెళ్ళారు.

అన్నయ్యని వేదిక మీదికి పిలిచారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, గోళ్ళ సందుల్లో ప్లాస్టర్‌తో వెళ్ళి నిలబడ్డాడు. మొక్క పేరూ ఈయన పేరూ ఒకటే కావడంతో శాస్త్రవేత్త ఈయనేననుకున్న అధ్యక్షుడు, మైకు ముందుకి జరిపి, "ఇంత అరుదైన మొక్కని మీరెలా పట్టుకోగలిగారు?" అని అడిగాడు.

"కూర్చున్నానండీ" అన్నాడు అన్నయ్య.

సభ గొల్లుమంది. అధ్యక్షుడు దాన్ని వినయం కింద జమకట్టి, తన ప్రసంగంలో ఆ వినయాన్ని మూడుసార్లు మెచ్చుకున్నాడు.

రిటైరయ్యేలోగా కత్తెరమ్మ ప్రొఫెసర్లందరి మొక్కల్నీ మళ్ళీ తీసింది. ఈసారి ప్రతి పొట్లమూ విప్పింది. ఒక్కటీ బతకలేదు. ఆ సంగతి అందరికీ మర్యాదగా తెలియజేసింది. వాళ్ళకి ఆవిడ మీద కలిగిన గౌరవం అంతటితో తీరిపోయింది.

ఇంట్లో మాత్రం మొక్కల మాటలు మళ్ళీ మొదలయ్యాయి. వదినకి కొత్త ఉత్సాహం పట్టుకుంది. పాత విద్యార్థి ఒకాయనకి చెప్పి, కనుమకి అవతలి కొండల మీది తుంగలు తెప్పించుకుంది. నెలరోజులు వాటి ముందు కూర్చుని, ఒకనాటి సాయంత్రం ఆడపడుచుని కిందికి పిలిచింది.

"ఇవి చూడు. దీని మూతి తిన్నగా ఉంది. దీనిది కొంచెం వంగింది. దీనిది సగం. కాలవగట్టు మామూలు తుంగకీ మనదానికీ మధ్య మెట్లున్నట్టు వరసగా ఉన్నాయి. నాకేమో రెండూ ఒకటేనేమో అనిపిస్తోంది."

"ఒకటెలా అవుతుంది?" కత్తెరమ్మ గయ్యిమంది. "ఆ రంగు చూడు, ఆ ఆకు అంచు చూడు!"

"ఆకు అంచూ రంగూ పనికిరావని రాసింది నువ్వే."

"అప్పుడు రాశాను. ఇప్పుడు కుదరదు. నేను ఒప్పుకోను."

"నా మొక్క. నేను పెట్టిన పేరు. నేను కొట్టేసుకుంటే మధ్యలో నీకేంటి?"

"మా అన్నయ్య పేరది!"

వెనక గదిలోంచి అన్నయ్య చేతిలో కింది దవడ పట్టుకుని బయటికి వచ్చాడు. ఇద్దరి మొహాలూ చూసి, ఏదో అడగబోయి మానేసి, పొయ్యి మీద కూర మాడుతోందని మాత్రం చెప్పాడు. ఇద్దరూ వినిపించుకోలేదు. ఆయనే వెళ్ళి మంట తగ్గించాడు.